ఈత రానివాళ్ళ పౌరసత్వం

మా ఇంట్లో ఎనిమిదేళ్ళ పిల్లవాడు టీవీలో సినిమా చూస్తున్నాడు. ఎప్పుడో రాబోయే కాలం కథ. సముద్రాలు పొంగి ఊళ్ళన్నీ నీళ్ళలో ఉన్నాయి. ఆకాశం నుంచి పరగ్రహవాసులు దిగారు. ఒంటికి అతుక్కున్న బట్టలేసుకుని, ఎగరగలిగిన నలుగురైదుగురు వీరులు వాళ్ళతో పోరాడుతున్నారు. పిల్లవాడు వాళ్ళ నానాను అడిగాడు, "వాళ్ళెవరు?" అని. "బయటి నుంచి దండెత్తి వచ్చినోళ్ళు బేటా" అన్నాడాయన. పిల్లవాడు కాసేపు ఆలోచించి, "మా బళ్ళో పిల్లోళ్ళు మనల్ని కూడా అట్లే అంటారు కదా" అన్నాడు.

ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. సినిమా నడుస్తూనే ఉంది. వీరులు గెలుస్తారని అందరికీ తెలుసు. దండెత్తి వచ్చినవాళ్ళు చస్తారని కూడా తెలుసు. ఆ పిల్లవాడు ఎవరు గెలవాలని కోరుకోవాలి?

కర్నూలులో, కడపలో పుట్టి పెరిగిన మాకు ఈ ప్రశ్న కొత్తది కాదు. వరద కూడా రాబోయే కాలపు కథ కాదు. మాది కరువు సీమ. ఏడాది పొడుగునా కురిసేది 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ధాత కరువు గురించి ముసలివాళ్ళ నోట విన్నవాళ్ళం, బిందె నీళ్ళ కోసం కొట్లాడుకున్న వీధుల్లో పెరిగినవాళ్ళం. అట్లాంటి మా మీదికి 2009 అక్టోబర్ 2న నది వచ్చింది. అది శుక్రవారం. రంజాన్ పండగ వెళ్ళి పది రోజులు దాటిందంతే. ఆ రోజుల్లో శ్రీశైలం జలాశయానికి సుమారు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. ఆ డ్యాంకు లెక్కగట్టిన గరిష్ఠ వరద 19 లక్షలు. 885 అడుగుల దగ్గర ఆగవలసిన నీటిమట్టం 896 దాటింది. ముందు తుంగభద్ర, వెనక హంద్రీ, కింద జలాశయం ఎగదన్నిన నీళ్ళు. కర్నూలు పాతబస్తీ మధ్యలో ఇరుక్కుపోయింది. ఒకప్పుడు, 1953 నుంచి 1956 దాకా, ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న ఊరు మిద్దెల మీదికెక్కి పడవల కోసం ఎదురుచూసింది.

ఆ రాత్రి మిద్దె ఉన్నవాడు మిద్దె లేనివాణ్ణి పైకి లాక్కున్నాడు. ఎవరి మిద్దె మీద ఎవరున్నారని అడిగినవాడు లేడు. టోపీ పెట్టుకున్నవాడి చెయ్యి, బొట్టు పెట్టుకున్నామె చెయ్యి పట్టుకుంది. ఆమె చెయ్యి ఇంకొకరిని పట్టుకుంది. నీళ్ళు తీశాక మిగిలింది మోకాటి లోతు బురద. ఆ బురదలో మేము వెతుక్కున్న వాటిలో బంగారం కంటే ముందు కాగితాలున్నాయి. రేషను కార్డు, పదో తరగతి సర్టిఫికెట్టు, ఇంటి పట్టా. తడిసి ముద్దయిన కాగితాలను పొరలు పొరలుగా విడదీసి గోడల మీద, బండల మీద ఎండేసుకున్నాం. సిరా కారిపోయి, పేరు ఎవరిదో తెలియనివి కొన్ని. అసలు దొరకనివి కొన్ని.

పదేళ్ళ తర్వాత, 2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చినప్పుడు ఆ బురదే గుర్తొచ్చింది. అంతకు కొన్ని నెలల ముందే, ఆగస్టు 31న, అస్సాంలో పౌర పట్టిక తుది జాబితా వేసి 19 లక్షల మందిని బయట ఉంచారు. ఏటా బ్రహ్మపుత్ర ముంచెత్తే నేలలో తాతల నాటి కాగితాలు అడిగారు. ఆ 19 లక్షల్లో హిందువులూ ఉన్నారు, ముస్లింలూ ఉన్నారు. హిందువులకు ఆ చట్టం ఒక తలుపు తెరిచింది. ముస్లింలకు తెరవలేదు. మా పక్కింటివాడి కాగితాలూ మా కాగితాలూ ఒకే నీళ్ళలో కొట్టుకుపోయాయి. అయితే కాగితం లేకపోవడానికి వాడికొక అర్థం, మాకొక అర్థం ఉంటుందని అప్పుడు తెలిసింది.

కాగితం లేనివాడు ఇంకేం చూపించాలి? లోకం ఒక మార్గం చెబుతుంది. వీరుడివి కమ్మంటుంది.

2018 మే 26న పారిస్‌లో ఒక పసివాడు మేడ అంచు పట్టుకుని వేలాడుతుంటే, మాలీ దేశం నుంచి కాగితాలు లేకుండా వచ్చిన మామూదూ గసామా అనే యువకుడు వట్టి చేతులతో నాలుగంతస్తులు ఎగబాకి బిడ్డను కాపాడాడు. ఫ్రాన్సు అధ్యక్షుడు పిలిచి పౌరసత్వం ఇచ్చాడు. మేమూ సంతోషించాం. కానీ అదే వీధిలో కాగితాలు లేకుండా బతుకుతూ, అంత ఎత్తు ఎక్కలేని వాడి సంగతేమిటి? మోకాళ్ళ నొప్పులతో గిన్నెలు కడుక్కునేవాడి సంగతేమిటి? మనిషిగా లెక్కకు రావడానికి నాలుగంతస్తులు ఎక్కాలా?

సూపర్‌మ్యాన్ కథ చూడండి. 1938లో ఆ పాత్రను పుట్టించిన ఇద్దరూ వలస వచ్చిన యూదు కుటుంబాల పిల్లలు. ఆ వీరుడు కూడా పరగ్రహవాసే. తన లోకం నాశనమైతే పసిబిడ్డగా ఈ భూమికి కొట్టుకొచ్చినవాడు. అమెరికా అతణ్ణి తనవాడనుకుంది. ఎందుకంటే ఎగరగలడు, రైళ్ళను ఆపగలడు. ఎగరలేని పరాయివాడి కథ ఎవరూ బొమ్మలు వేసి అమ్మలేదు.

మన దగ్గరికి వద్దాం. 2024 సెప్టెంబర్ 1న ఖమ్మంలో మున్నేరు పొంగింది. ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది గంటల తరబడి చిక్కుకుపోయారు. హెలికాప్టర్ రాలేదు. ఒక జేసీబీ డ్రైవరు, పేరు చెప్పగానే ముస్లిం అని తెలిసే మనిషి, పోతే తన ఒక్క ప్రాణమే కదా అనుకుని యంత్రాన్ని వరదలోకి నడిపాడు. తొమ్మిది మందినీ తీసుకొచ్చాడు. దేశమంతా చప్పట్లు కొట్టింది. అదే కాలంలో ఉత్తరాది రాష్ట్రాల్లో అట్లాంటి యంత్రాలే మావాళ్ళ ఇళ్ళ మీదికి వెళుతున్నాయి. నేరం రుజువు కాకుండా ఇల్లు కూల్చడం చెల్లదని ఆ ఏడాది నవంబరు 13న సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. ఖమ్మం డ్రైవరు ఆ రోజు భయపడి గట్టునే నిలబడి ఉంటే అతను ఏమయ్యేవాడు? పిరికివాడా? గట్టున నిలబడ్డ మిగతా వందల మందిలాంటి మామూలు మనిషా?

మా ఊరి సంగతి ఇంకా దగ్గరిది. 2020 ఏప్రిల్‌లో కర్నూలు జిల్లాలో కోవిడ్ కేసులు రాష్ట్రంలోకెల్లా ఎక్కువయ్యాయి. ఢిల్లీలో జరిగిన ఒక మత సమావేశం పేరుతో మమ్మల్ని రోగం మోసుకొచ్చినవాళ్ళుగా చూశారు. కూరగాయల బండి దగ్గర పేరు అడిగారు. ఆ నెలలోనే, 14వ తేదీన, డాక్టర్ కె.ఎం. ఇస్మాయిల్ హుస్సేన్ ఆ రోగంతోనే చనిపోయారు. 76 ఏళ్ళు. రెండు రూపాయల డాక్టర్ అని పేరు. మతం చూడకుండా, జేబు చూడకుండా దశాబ్దాల పాటు బీదలకు వైద్యం చేసిన మనిషి. మామూలు రోజుల్లో అయితే జనాజా వెంట ఊరంతా నడిచేది. ఆ రోజు నడవడానికి వీల్లేదు.

ఆయన్ను తలుచుకుని అన్ని మతాలవాళ్ళూ ఏడ్చారు. అది నిజం. కానీ ఆ ఏడుపు ఆయనతోనే ఆగిపోయింది. ఆయన మంచితనం మాకెవరికీ అంటలేదు. ఢిల్లీలో ఎవరో చేసిన తప్పు మాత్రం కర్నూలులో గాజులమ్ముకునే ముసలామెకు కూడా అంటింది. ఒకడి గొప్ప ఆ ఒక్కడికే మినహాయింపు, ఒకడి తప్పు అందరికీ ముద్ర. ఈ లెక్కలో మేము ఎన్ని మంచి పనులు జమ వేసినా ఖాతా నిండదు.

లౌకికవాదులైన మా మిత్రులు ఇక్కడ ఒక మాట అంటారు. "ద్వేషం ఇంతగా పెరిగిన రోజుల్లో ఇట్లాంటి కథలే కదా మందు! ముస్లిం యువకులు వరదలో హిందువుల్ని కాపాడారని పేపర్లో వస్తే పది మంది మనసులు మారతాయి. అది కూడా వద్దంటారా?" ఇది తేలిగ్గా తీసిపారేసే మాట కాదు. మేము కూడా అట్లాంటి వార్తలు కత్తిరించి దాచుకున్నాం. పిల్లలకు చదివి వినిపించాం. 2009లో మసీదుల్లో వండిన అన్నం గురించి చెప్పుకుని పొంగిపోయాం. అయితే మిత్రులారా, ఆ కథలు ఎవరు ఎవరికి చెబుతున్నారో చూడండి. రెడ్డి యువకులు వరదలో ముస్లింలను కాపాడారు అనే శీర్షిక ఎక్కడైనా చదివారా? వాళ్ళూ కాపాడారు. మమ్మల్ని లాగిన చేతుల్లో వాళ్ళ చేతులూ ఉన్నాయి. అయినా అది వార్త కాదు, ఎందుకంటే ఈ నేల తమదని వాళ్ళు రుజువు చేసుకోనక్కరలేదు. మా మంచితనం వార్త అవుతున్నదంటే, అది మా నుంచి ఎవరూ ఎదురుచూడనిది అని అర్థం. మీ ప్రేమను మేము కాదనడం లేదు. దాన్ని సర్టిఫికెట్టుగా మార్చవద్దంటున్నాం.

మా ఫిఖ్‌లో ఒక మాట ఉంది. నమాజులో నిలబడ్డవాడు కూడా, ఎవరో మునిగిపోతున్న కేక వింటే, కాపాడగలిగితే నమాజు వదిలి పరుగెత్తాలి. అల్లా ముందు నిలబడి ఉన్నా సరే. మునిగేవాడి మతం అడగమని అందులో లేదు. ఇంకొకటి కూడా ఉంది, ఫర్జె కిఫాయా అని. జనాజా నమాజు లాంటి కొన్ని బాధ్యతలు అందరి మీదా ఉంటాయి. కొందరు నెరవేరిస్తే మిగతావాళ్ళ భారం దిగిపోతుంది. ఎవరూ చేయకపోతే పాపం అందరిదీ. ఈ లెక్క మాకు నచ్చుతుంది. ఇందులో నీళ్ళలోకి దూకినవాడు తన బాకీ తీర్చినవాడు, గట్టున మిగిలినవాడు బాకీ దిగిపోయినవాడు. ఇద్దరూ ఒకే జమాతులోని మనుషులు. దూకినవాడికి జమాతులో ఎక్కువ చోటు లేదు, దూకలేనివాడికి తక్కువ చోటు లేదు.

మాలోని తప్పు కూడా చెప్పుకోవాలి. వీరుల పిచ్చి మాకూ ఉంది. ఎవరైనా పరాయివాళ్ళంటే మా పెద్దలు చప్పున నవాబుల్ని తీసుకొస్తారు. హంద్రీ ఒడ్డున అబ్దుల్ వహాబ్ ఖాన్ గుమ్మటం చూపిస్తారు. 1839లో ఇంగ్లీషువాళ్ళు పట్టుకుపోయిన ఆఖరి నవాబు గులాం రసూల్ ఖాన్ కథ చెబుతారు. ఏలినవాళ్ళం అంటారు. ఎవరు ఏలారు? దూది ఏకి పరుపులు కుట్టి బతికిన దూదేకుల జేజి ఏ కోటను ఏలింది? ఇంట్లో తెలుగు తప్ప ఉర్దూ రాదని ఆమెను సగం ముస్లిం అన్నది మా వాళ్ళే కదా! వాళ్ళు దండెత్తినవాళ్ళు అంటే మేము ఏలినవాళ్ళం అంటాం. రెండు కథల్లోనూ కత్తి పట్టినవాళ్ళే ఉన్నారు. కసాయి, ఫకీరు, గాజులమ్మే ఆడమనిషి, దూదేకులామె ఏ కథలోనూ లేరు. వరద వచ్చినప్పుడు పల్లపు వీధుల్లో ముందు మునిగింది వీళ్ళే.

వీరుల కథ ఇంకొక పని కూడా చేస్తుంది. అడగవలసినవాళ్ళను అడగకుండా చేస్తుంది. శ్రీశైలం గేట్లు ఎంత ముందుగా తెరవాలి అన్న ప్రశ్న 2009లో గట్టిగా లేచింది. 2021 నవంబర్ 19న అప్పటి కడప జిల్లాలో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. పులపత్తూరు, మందపల్లె లాంటి ఊళ్ళు తెల్లవారేసరికి ఇసుక మేటలయ్యాయి. అక్కడా అదే ప్రశ్న. కట్టను, గేట్లను చూసుకోవలసినవాళ్ళు సరిగా చూసుకుంటే ఎవరూ వీరులు కానక్కరలేదు. ఈత రాని జనం ప్రాణాలకు సాహసవంతుడి దయ ఆధారం కాకూడదు.

ఉగాది నాడు దేవుని కడపకు వెళ్ళి చూడండి. ముస్లింలు కుటుంబాలతో వచ్చి వెంకటేశ్వరుడికి మొక్కుతారు. బీబీ నాంచారి మా ఆడపడుచు, ఆయన మా ఇంటి అల్లుడు అంటారు. ఆ చుట్టరికం ఎవరూ పరీక్ష పెట్టి ఇచ్చింది కాదు. పెద్దదర్గాకు వచ్చే హిందువులనూ ఎవరూ పరీక్షించరు. అయితే ఆ చుట్టరికాన్ని కూడా మాకు హామీపత్రంగా చూపించవద్దు. అల్లుడి ఇంటికి పోనివాడు కూడా ఈ ఊరివాడే. ఐదు పూటలూ నమాజు చేసుకుని, ఎవరి గుడికీ పోక, ఎవరినీ కాపాడక, తన బండి తాను లాక్కునేవాడు కూడా ఈ నేలవాడే.

మేము అడుగుతున్నది గొప్పవాళ్ళుగా గుర్తించమని కాదు. మామూలుగా ఉండే హక్కు కావాలి. భయపడే హక్కు, అలిసిపోయే హక్కు, వరదలో మొదట మన పిల్లల్నే ఎత్తుకుని పరుగెత్తే హక్కు. మీకు ఉన్నట్టే.

ఆ రోజు పిల్లవాడికి జవాబు వాళ్ళ నానానే చెప్పాడు. 2009లో ఆయన తనకు ఈత రాక, పక్కింటివాళ్ళ మిద్దె మీద తడుస్తూ రెండు రాత్రులు కూర్చున్న మనిషి. "మనం ఆ ఎగిరేటోళ్ళమూ కాదు, దండెత్తినోళ్ళమూ కాదు బేటా. అదిగో, మిద్దెల మీద నిలబడి చేతులూపుతా ఉండారు చూడు, వాళ్ళం" అన్నాడు. పిల్లవాడు తెరలో వాళ్ళ కోసం వెతికాడు. వాళ్ళు ఒక్క క్షణమే కనిపించారు.