గాలికి మనం పడ్డ బాకీ

చేసిన పాపం చేసినవాడిదేనని మన పెద్దల మాట. దారి కొట్టి తెచ్చిన సొమ్ము తిన్న ఆలుబిడ్డలు పాపంలో మాత్రం పాలు పంచుకోబోమని చెప్పాకే బోయవాడు వాల్మీకి అయ్యాడన్న కథ తెలుగిళ్లలో అందరూ విన్నదే. నేలమట్టాన పుట్టే ఓజోన్ ఈ న్యాయాన్ని తలకిందులు చేస్తోంది. సొమ్ములో వాటా లేనివాళ్లకు పాపంలో వాటా పడుతోంది. చేసినవాడు ఫలానా అని చూపించలేని చోట ధర్మం ఎవరి మీద ఉంటుంది? అందరి మీదా ఉంటుందనీ, అందుకే దాన్ని ఉమ్మడి ఖజానాతో, హద్దులు దాటిన సహకారంతో తీర్చాలనీ నా వాదన.

పైన ఎత్తులో ఓజోన్ మనకు కాపు. మనం పీల్చే ఎత్తులో అదే ఊపిరితిత్తులకు చేటు, పంటలకు దెబ్బ. అది ఏ గొట్టం నుంచీ నేరుగా రాదు. బండ్ల పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లు, పెట్రోలు నుంచీ రంగుల నుంచీ మందుల ఫ్యాక్టరీల సాల్వెంట్ల నుంచీ లేచే ఆవిర్లు ఎండలో కలిసి దాన్ని పుట్టిస్తాయి. లాస్ ఏంజెలెస్ పొగ గుట్టు ఇదేనని 1950ల మొదట్లో శాస్త్రవేత్త హాగెన్-స్మిట్ తేల్చాడు. ఇలా పుట్టడానికి గంటలు పడుతుంది, ఈలోగా గాలి ఊళ్లు దాటుతుంది. హైదరాబాద్‌లో విజయవాడ బస్సులు ఆగే ఎల్బీ నగర్ చౌరస్తా పొగ, పడమటి గాలి వీచిన రోజు, చౌటుప్పల్ దాటి నల్గొండ వరి, పత్తి చేల మీద ఓజోన్‌గా మారవచ్చు. గాలి తిరిగిన రోజు చౌటుప్పల్ ఫ్యాక్టరీల ఆవిర్లు దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద రోజంతా నిలబడి అమ్ముకునేవాళ్ల ఊపిరిలోకి చేరవచ్చు.

ఎవరి ఊరిని వాళ్లు బాగుచేసుకుంటే చాలదా అనవచ్చు. చాలదని 2020 లాక్‌డౌన్ చూపించింది. బండ్లు ఆగి నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గినా, ప్రపంచంలో చాలా నగరాల్లో ఓజోన్ పెరిగింది. నైట్రోజన్ ఆక్సైడ్లు, ఆవిర్లు అనే రెండు ముడిసరుకుల్నీ, చుట్టుపక్కల జిల్లాలన్నిటినీ కలిపి చూడకపోతే మంచి పని కూడా బెడిసికొడుతుందన్నమాట. మన నిధులు అలా చూడడం లేదు. 2009 ప్రమాణాల్లో ఓజోన్‌కు ఎనిమిది గంటల సగటు ఘనమీటరుకు 100 మైక్రోగ్రాములని హద్దు గీశారు. కానీ 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం ప్రధానంగా పీఎం10 దుమ్మునే కొలమానంగా పెట్టుకుంది. హైదరాబాద్, నల్గొండ, పటాన్‌చెరు దాని జాబితాలో వేర్వేరు పేర్లు. వాటి మీది గాలి మాత్రం ఒకటే. ఢిల్లీ పరిసరాల గాలి కోసం రాష్ట్రాలను కలిపే కమిషన్‌కు 2021లో చట్టం చేశారు. అమెరికా 1990లోనే ఈశాన్య రాష్ట్రాలకు ఓజోన్ మీద ఉమ్మడి కమిషన్ పెట్టింది. ఆ దారి మనకూ ఉంది.

కాలుష్యం చేసినవాడే కట్టాలి, జనం పన్నులెందుకు అన్నది బలమైన అభ్యంతరం. ఆ సూత్రాన్ని సుప్రీంకోర్టు 1996లోనే మన చట్టంలో భాగమంది. సాల్వెంట్లు వదిలే ఫ్యాక్టరీ తప్పక కట్టాలి. కానీ లక్షల బండ్ల పొగలో ఏ పాలు ఎవరిదో తేల్చలేం. తేలని బాకీని ఎవరిదీ కాదని వదిలేస్తే, దాన్ని తీర్చేది దిక్కులేనివాడి ఊపిరే. దుమ్ముకే డబ్బు చాలడం లేదన్నది మరో మాట. అయితే ఓజోన్‌ను పుట్టించే ఈ వాయువుల నుంచే సన్నని ధూళికణాలు కూడా ఏర్పడతాయి. ఒకదానికి పెట్టిన ఖర్చు రెండోదానికీ పనికొస్తుంది. మన జిల్లా డబ్బు పక్క జిల్లాకెందుకు అనేవాళ్లకు జవాబు ఒక్కటే: అది దానం కాదు, మనం పంపిన పొగకు తీర్చే అప్పు.

కాబట్టి ప్రభుత్వాలు నగరాల వారీగా కాక, గాలి తిరిగే మేర అంతటికీ కలిపి నిధులివ్వాలి. నగరం బయట చేల దగ్గర కూడా ఓజోన్‌నూ ఆవిర్లనూ కొలిచే కేంద్రాలు పెట్టాలి. తెలంగాణ, ఆంధ్ర కాలుష్య నియంత్రణ మండళ్లు ఆ లెక్కల్ని ఒకే చోట ఉంచి, ఒకే ప్రణాళిక రాయాలి. ఓటు అడగడానికి వచ్చినవాళ్లను రోడ్లతో పాటు దీని గురించీ అడగండి.