బొమ్మశకటము

యుద్ధశకటముల నమూనాలు చేయుట పిల్లలకు హింసను మప్పునని అఫ్జల్‌గంజున నొక తండ్రి నాతో వాదించెను. చెక్కకత్తి కొనియిచ్చినవారే యిట్లనుట వింత! షెర్మన్ ట్యాంకు సుమారు 19 అడుగులు. 35వ వంతున ఆఱున్నర అంగుళములు. మేకుతల, గొలుసు, త్రుప్పు, బురద, దేనిని విడువని యోపిక సత్యనిష్ఠకు అభ్యాసమే. కాని యా నిష్ఠ బురదయొద్దనే యేల యాగవలెను?

1948 సెప్టెంబరు 13న నల్దుర్గము దారిని సాయుధశకటములు నిజాము రాజ్యమున ప్రవేశించెను. 18న సేనలు నగరము చేరెను. రజాకార్ల పీడ విరిగినదని యూరడిల్లినవా రెందఱో. ఆ దినములందే పలు జిల్లాలలో ముస్లిములు హతులైరని సుందర్‌లాల్ సంఘము నివేదించెను. ఆ నివేదిక దశాబ్దములు మఱుగుపడియుండెను. ఈ రెండును నమూనాలో నెచట నిముడును? శకటమున కూర్చుండు నైదుగురిని, దారి ప్రక్క నిలిచినవానిని గూడ నదే కొలతతో చేయుమని బాలునకు చెప్పవలెను. ఆ కొలతను మనుష్యుడు రెండంగుళములైన నుండడు; వాని ముఖము దిద్దుటకు మిక్కిలి సన్నని కుంచె కావలయును.