కారణం వేరు, నేరం వేరు

పెళ్ళయి కొన్నేళ్ళు గడిచినా సంతానం కలగకపోతే మన ఇళ్ళలో ముందుగా కోడలినే నిందిస్తారు. "గొడ్రాలు" అనే మాట ఆమె చెవిన పడేలా అంటారు. ఇప్పుడు ఆ నిందకు వైద్యం పేరుతో మరో సాకు దొరికే ప్రమాదం ఉంది.

స్త్రీ జననాంగంలో లాక్టోబాసిల్లస్ అనే మేలుచేసే సూక్ష్మజీవులుంటాయి. అవి లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేసి హానికర క్రిములను అదుపులో ఉంచుతాయి. 2016లో స్పెయిన్ పరిశోధకులు టెస్ట్ ట్యూబ్ చికిత్స పొందుతున్న 35 మంది స్త్రీలపై అధ్యయనం ప్రచురించారు. గర్భాశయంలో ఈ సూక్ష్మజీవులు 90 శాతం కన్నా తక్కువున్న వారిలో గర్భం నిలవడం తక్కువని అందులో తేలింది. అయితే రెండు విషయాలు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని రుజువు కాదు. డెన్మార్క్ లో ఇలాంటి లోపమున్న 338 మందిలో కొందరికి యాంటీబయాటిక్, మరికొందరికి దానితోపాటు లాక్టోబాసిల్లస్, ఇంకొందరికి ఉత్తుత్తి మందు ఇచ్చి చూశారు. 2025లో వెలువడిన ఫలితాల ప్రకారం మందు వాడినవారిలో గర్భధారణ పెరగలేదు. కాబట్టి ఖరీదైన పరీక్ష చేయించుకునే ముందు "దీనివల్ల చికిత్స ఏం మారుతుంది?" అని వైద్యుణ్ణి అడగాలి. రుజువు లేని ఆశను అమ్మడం మోసమే.

ఒకవేళ రేపు కారణం నిజంగా దొరికినా అది నేరమవుతుందా? తన శరీరంలోని సూక్ష్మజీవులను ఏ స్త్రీ ఎంచుకుంది? పురుషుని వీర్యంలోనూ సూక్ష్మజీవులుంటాయి. అతణ్ణి పరీక్షకు పంపకుండా ఆమెపై తీర్పు చెప్పడం ఏ న్యాయం?

తాను కోరినవారికి కుమార్తెలను, కోరినవారికి కుమారులను ఇస్తాననీ, కోరినవారిని సంతానం లేకుండా ఉంచుతాననీ అల్లాహ్ షూరా సూరాలో (42:49-50) తెలియజేశాడు. హజ్రత్ జకరియ్యా (అలైహిస్సలాం) వృద్ధాప్యం దాకా దుఆ చేస్తూనే ఉన్నారు. ఆయన తన భార్యను నిందించినట్లు ఖుర్ఆన్ లో ఎక్కడా లేదు.

అలాగని చికిత్స మానుకోమని కాదు. మందు లేకుండా అల్లాహ్ ఏ వ్యాధినీ దించలేదని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించారు. 1986లో అమ్మాన్ లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ, భర్త వీర్యాన్ని, భార్య అండాన్ని కలిపి ఆమె గర్భంలోనే ఉంచే పద్ధతిని అవసరమైతే అనుసరించవచ్చని తీర్మానించింది. మూడో వ్యక్తి ప్రమేయాన్ని నిషేధించింది.

ప్రయత్నించడం మన బాధ్యత. ఫలితం అల్లాహ్ చేతిలో ఉంది. సంతానం ఇవ్వనందుకు అల్లాహ్ ఆమెను ప్రశ్నించడు. కానీ ఆమె మనసు గాయపరిచిన మాటలకు మనం జవాబు చెప్పుకోవలసి ఉంటుంది.