ఎవరి తోట, ఎవరి మాట?

బడి తోటలో వలస పిల్లలు ఇంగ్లీషు త్వరగా నేర్చుకుంటారని, కొత్త చోటు వాళ్లకు ఇల్లులా అనిపిస్తుందని అంటారు. 1995లో కాలిఫోర్నియాలోని బర్‌క్లీలో ఆలిస్ వాటర్స్ మొదలుపెట్టిన ఎడిబుల్ స్కూల్‌యార్డ్ నుంచి, 2019లో మన కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన బడి పోషక తోటల మార్గదర్శకాల దాకా తోటంటే అందరికీ ప్రేమే. నాకూ ప్రేమే. కానీ తొర్రూరు చుట్టుపక్కల తండాల నుంచి వచ్చే ఆడపిల్లలకు ఇంగ్లీషు చెప్పే మనిషిగా నన్ను తొలిచే ప్రశ్న వేరే. ఇల్లులా ఉండమని పిలుస్తున్నాం సరే, వాళ్ల ఇంటిని లోపలికి రానిస్తున్నామా?

ఈ పిల్లలు ఏ దేశం నుంచీ వలస రాలేదు. ఇంట్లో గోర్ బోలి, ఊళ్లో తెలంగాణ తెలుగు, పుస్తకంలో ఇంకో తెలుగు, 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఒకటో తరగతి నుంచే ఇంగ్లీషు మీడియం. ఆరేళ్ల పిల్ల రోజూ ఇన్ని సరిహద్దులు దాటుతుంది. తెలంగాణ లంబాడీలను షెడ్యూల్డ్ తెగగా 1976లో గుర్తించారు. వాళ్ల భాష మాత్రం రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో లేదు. 2009 విద్యాహక్కు చట్టం వీలైనంత వరకు మాతృభాషలోనే బోధించాలంటుంది. ఆ 'వీలైనంత'లో ఎంతమంది పిల్లలు జారిపోయారో!

తోట నిజంగానే పనిచేస్తుంది. గదిలో 'రూట్' అంటే స్పెల్లింగు, మడి దగ్గర అది చేతిలోకి ఊడివచ్చే వేరు. గదిలో నోరు విప్పని పిల్ల బెండ మొక్కకు పట్టిన పురుగును నాకంటే ముందు చూస్తుంది. చెప్పాలన్న ఆత్రంలో తప్పొప్పులు చూసుకోదు. పుస్తకం గోంగూర అంటే మేం పుంటికూర అంటాం, అదీ చర్చే. వాటర్, నీళ్లు, పాణి మూడూ బోర్డు మీద పక్కపక్కన రాస్తాను. లిపి లేని భాష అని కొట్టిపారేసేవాళ్లుంటారు. తెలుగు అక్షరాల్లో 'పాణి' అని రాయడానికి ఏం అడ్డం?

ఒక తల్లి నన్ను నిలదీసింది. "టీచరమ్మా, మట్టి పని మా ఇంట్ల లేదా? పత్తి ఏరుడు, మిరపకాయ ఏరుడు తప్పాలెనని బడికి తోలిన."

దీనికి తేలిక జవాబు లేదు. 1937లో వార్ధాలో గాంధీ చేతిపనిని చదువుకు కేంద్రం చేయాలన్న దగ్గర్నుంచీ ఈ చిక్కు ఉన్నదే. ఉన్నవాళ్ల బిడ్డకు మట్టి ఒక సరదా అనుభవం, కూలి తల్లి బిడ్డకు అది తప్పించుకోవలసిన వారసత్వం. పైగా బడి తోటలో బకెట్లు మోసేది ఎవరు? ఆడపిల్లలే. మగపిల్లలు గడ్డపార పట్టుకుని ఫొటో దిగుతారు. మగపిల్లలకు వంతు లేకపోతే, ఆ పనికి పీరియడు లేకపోతే అది చదువు కాదు, వెట్టి. ఆ తల్లికి నేను కూతురి ఇంగ్లీషు నోటుబుక్కు ఇచ్చాను. చదువు రాకపోయినా చాలాసేపు పేజీలు తిప్పింది.

అసలు తోట బడి కనిపెట్టిందా? శ్రావణంలో తీజ్‌కు తండాల్లో పెళ్లికాని అమ్మాయిలు బుట్టల్లో మట్టి పోసి గోధుమలు చల్లుతారు. తొమ్మిది రోజులు నీళ్లు పోస్తూ పాటలు పాడతారు. మంచి మొగుడి కోసం అనే మాట అందులో ఉంది, దాన్ని నేను మెచ్చను. అయినా మొలక సంగతి తెలిసి వచ్చిన పిల్లకు 'దిస్ ఈజ్ ఎ సీడ్' అని మనం మొదలుపెట్టడం ఏమిటి?

మా తరగతిలో ఒకమ్మాయి ఆ మొలకల గురించి ఆరు ఇంగ్లీషు వాక్యాలు రాసింది. అందులో 'యాడి' అనే మాట అలాగే ఉంచింది. అర్థం రాయమని నేను అడగలేదు. మిగతా పిల్లలు అడిగారు, తనే లేచి చెప్పింది.