గాయం ఎవరిది? పరిమళం ఎవరిది?

కిందటేడు చార్మినార్ దగ్గర అత్తరు దుకాణంలో ఒక చిన్న సీసా కొనుక్కున్నాను. ఊద్, తోలు కలిసిన వాసన. పూయగానే పశువుల కొట్టంలా గుప్పుమంటుంది. కాసేపటికి పొగ, తారులాంటి చేదు. గంట గడిచాక ఎక్కడో అడుగున తేనె తీపి. మల్లెలా పలకరించదు, దగ్గరికొచ్చినవాళ్లను కాసేపు నిలబెట్టి చూస్తుంది. అందుకే నచ్చింది. ఆడవాళ్లంటే పూల వాసనే అనుకునే లోకంలో ఈ చీకటి వాసన పూసుకోవడం నాకు కొంచెం ధైర్యంగానూ అనిపించింది.

ఒక సెమినార్‌లో, టీ విరామంలో, తోటి అధ్యాపకురాలు దగ్గరికొచ్చి "అబ్బ, ఎంత హుందాగా ఉందండీ! ఏమిటిది?" అంది. "తోలు" అన్నాను. ఆమె నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

మా తాత లంద దగ్గర పనిచేసేవాడు. సున్నంలో నానిన పచ్చితోలు, తంగేడు చెక్క, కరక్కాయ... ఎంత కడిగినా ఆ వాసన ఆయన చేతుల్ని వదిలేది కాదు. లందకు నీళ్లు మోసిన నాయినమ్మ కొంగులోనూ అదే. బడిలో పక్కపిల్ల ముక్కు మూసుకున్న రోజు నుంచీ నేను ఒళ్లు ఎర్రబడేలా సబ్బుతో తోముకునేదాన్ని. తాత దగ్గరికి తీసుకోబోతే తప్పించుకునేదాన్ని. ఆయన పోయి ఇన్నేళ్లయినా ఆ తప్పించుకోవడం నా ఒంట్లోనే ఉండిపోయింది.

మరి అదే పేరున్న వాసనకి డబ్బిచ్చి కొనుక్కున్నానంటే అర్థమేమిటి?

చిత్రమేమంటే, పరిమళాల్లోని 'తోలు'లో మామూలుగా తోలే ఉండదు. బర్చ్ చెట్టు బెరడు తారు, క్వినోలిన్ జాతి రసాయనాలు కలిపి ఆ భ్రమ కల్పిస్తారు. ఫ్రాన్స్‌లో పరిమళాలకు పేరుపడ్డ గ్రాస్ పట్టణం ఒకప్పుడు తోళ్లు శుద్ధిచేసే ఊరే. తోలు చేతితొడుగుల కంపు పోగొట్టడానికే అక్కడ అత్తర్లు పట్టించారు. 1919లో 'టబాక్ బ్లాండ్' సిగరెట్ కాల్చే ఆడవాళ్ల పరిమళంగా వచ్చింది. 1944లో జర్మేన్ సెల్లియే అనే స్త్రీ 'బాందీ' తయారుచేసింది. అలా తోలు వాసన స్త్రీల ధిక్కారానికి గుర్తయింది. నన్ను లాగిందీ ఆ ధిక్కారమే. కానీ వాళ్లు సాయంత్రం పూసుకుని పొద్దున కడిగేసుకోగలరు. మా నాయినమ్మకి ఆ వీలు లేదు. ఎంచుకున్న వాసన ధిక్కారమయింది, అంటగట్టిన వాసన కులమయింది.

ఊద్ కథ ఇంకొకటి. ఆరోగ్యంగా ఉన్న అగరు చెట్టు కలప పాలిపోయి, తేలిగ్గా, దాదాపు ఏ వాసనా లేకుండా ఉంటుంది. పురుగు తొలిచి బూజు సోకితే, దాన్ని అడ్డుకోవడానికి చెట్టు జిగురు ఊరుస్తుంది. అలా నల్లబడి బరువెక్కిన కలపే ఊద్. ఇప్పుడు తోటల్లో చెట్లకు కావాలనే గాయాలు చేస్తారు. అడవుల్లో నరికివేత ఎంతగా పెరిగిందంటే, అస్సాంలో పెరిగే అగరు జాతి అంతర్జాతీయ వ్యాపారాన్ని 1995 నుంచి నియంత్రించాల్సి వచ్చింది.

గాయపడి పరిమళించింది అనగానే మనకో నీతి దొరికేస్తుంది. అరిగిపోయే గంధపు చెక్క, కరిగిపోయే కొవ్వొత్తి - ఆడదానికి ఈ పోలికలు ఎన్నిసార్లు చెప్పలేదు! కానీ చెట్టు మనకోసం పరిమళించలేదు. తనను తాను కాపాడుకుంది. దాన్ని త్యాగమన్నది గొడ్డలి పట్టుకున్నవాళ్లు. మా నాయినమ్మని కూడా "ఎంత ఓపికో!" అని ఊరు మెచ్చుకునేది. కూలి డబ్బుల కోసం, మమ్మల్ని చదివించడం కోసం ఆమె రోజూ చేసిన పోరాటానికి ఊరు పెట్టిన పేరు ఓపిక.

సీసా పారేద్దామనుకున్నాను. పారేస్తే మళ్లీ ఆ సబ్బుతో తోముకోవడమే అవుతుందేమో! ఇప్పటికీ ఆ వాసన ఇష్టమే, పూసుకుంటూనే ఉన్నాను. ఈసారి ఎవరైనా అడిగితే మాత్రం 'తోలు' అని ఊరుకోను. మా తాత ఊరి చివర ఏ పని చేశాడో, నాయినమ్మ ఎన్ని బిందెలు మోసిందో చెబుతాను. అప్పటికీ ఆ వాసన వాళ్లకి హుందాగానే ఉంటుందా? నేను తెలుసుకోవాలనుకుంటున్నది అదే.