పారితోషికం కంటే ముందు చూడాల్సినవి



పత్రికలకు ఫోటోలు పంపి నాలుగు రాళ్లు సంపాదించాలనుకుంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషించాను. ఎండలో తిరిగి తీసిన ఫోటోకు పారితోషికం అడగడం న్యాయమే. అయితే పంపే ముందు అందులో నష్టం ఎవరికి, ఎంత అని కూడా ఆలోచించు.

మొదట నీ సంగతి. 1957 నాటి మన కాపీరైట్ చట్టం ప్రకారం నువ్వు సొంతంగా తీసిన ఫోటోకు తొలి హక్కుదారువి నువ్వే. రిజిస్టర్ చేయించకపోయినా ఆ హక్కు పోదు. కానీ ఎవరైనా డబ్బిచ్చి తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, హక్కు వాళ్లదవుతుంది. నీ హక్కు ఇంకొకరికి రాసివ్వాలంటే నీ సంతకంతో కాగితం ఉండాలి. అందులో గడువు లేకపోతే అయిదేళ్లనీ, ప్రాంతం లేకపోతే భారతదేశం వరకేననీ చట్టం భావిస్తుంది. ఒప్పందంలోనో పోటీ నిబంధనల్లోనో 'శాశ్వతంగా, ప్రపంచమంతటా' అన్న మాటలు కనిపిస్తే సంతకం పెట్టకు. 'ఒక్కసారి ప్రచురణకు మాత్రమే' అని రాయించుకో. ఫోటో వేస్తాం, ముందు నువ్వే ఫీజు కట్టు అనేవాళ్ల జోలికి పోకు. ఒరిజినల్ ఫైల్ నీ దగ్గరే ఉంచుకో, పంపిన మెయిల్ భద్రపరచుకో.

ఫోటో చేజారితే ఏమవుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. 2010 జనవరిలో హైతీ భూకంపాన్ని డేనియల్ మొరెల్ అనే ఫోటోగ్రాఫర్ ఫోటోలు తీసి ట్విటర్‌లో పంచుకున్నాడు. వాటిని మరొకరు తమవిగా పెట్టుకున్నారు. ఏఎఫ్‌పీ వార్తాసంస్థ, గెట్టీ ఫోటోల సంస్థ మొరెల్ అనుమతి లేకుండానే వాటిని పంపిణీ చేశాయి. 2013లో న్యూయార్క్ జ్యూరీ ఆయనకు 12 లక్షల డాలర్లకు పైగా పరిహారం ఇవ్వాలని తేల్చింది. న్యాయం జరిగింది కానీ దాదాపు నాలుగేళ్లు పోరాడాల్సి వచ్చింది. అంత ఓపిక, లాయర్లకిచ్చే డబ్బు అందరికీ ఉండవు. జాగ్రత్త ముందే పడాలి.

ఇంతవరకూ చెప్పింది నీ నష్టం. దాన్ని ఎలాగో పూడ్చుకుంటావు. ఫోటోలో ఉన్న మనిషికి జరిగే నష్టం అలా పూడేది కాదు. అప్పుల బాధతో ప్రాణం తీసుకున్న రైతు ఇంటి ముందు భార్య ఏడుస్తుంటే, ఆ ముఖం అచ్చయ్యాక ఊరంతా, చుట్టాలంతా, రేపు బడిలో ఆమె పిల్లల తోటివాళ్లూ చూస్తారు. ఆ సమయంలో ఆమె నిన్ను వద్దనే స్థితిలో కూడా ఉండదు. లైంగిక దాడికి గురైన పిల్లలను గుర్తుపట్టేలా ఫోటో వేయడాన్ని, కోర్టు అనుమతిస్తే తప్ప, పోక్సో చట్టం నిషేధించింది. చట్టం అడ్డుపడని బాధితుల విషయంలోనూ నువ్వు ఆగాలి. ఆ రైతు భార్య కాస్త కుదుటపడ్డాక వెళ్లు. ఏ పత్రికకు పంపుతున్నావో, దానికి నీకు డబ్బు వస్తుందో లేదో దాచకుండా చెప్పి అడుగు. ఫోటో శీర్షికలో నువ్వు కళ్లతో చూసినదే రాయి.

ఆమె వద్దంటే ఎంత ఇస్తామన్నా ఆ ఫోటో పంపకు. సంపాదనకు పొలాలున్నాయి, తిరునాళ్లున్నాయి, పనిచేసే చేతులున్నాయి. వాటిని తీయి, నీ పేరుతో వేయించుకో, ధర గట్టిగా అడుగు.

ఇట్లు,
మీ పెదనాన్న