కృపాచార్యుడి ప్రశ్న

మహాభారతంలో ఒక స్పోర్ట్స్ డే ఉంది. కుమారాస్త్ర విద్యా ప్రదర్శన అని మనం చదువుకున్నది అదే. ద్రోణుడి దగ్గర చదువు ముగించిన కురుకుమారులు హస్తినాపుర జనం ఎదుట తమ విద్యలు చూపిస్తున్నారు. అర్జునుడి వంతు అయ్యాక కర్ణుడు వచ్చి, అతను చేసినవన్నీ తానూ చేసి చూపించి, ద్వంద్వయుద్ధానికి పిలిచాడు. అప్పుడు కృపాచార్యుడు లేచి అడిగాడు: నీ తల్లిదండ్రులెవరు, నీది ఏ వంశం? కర్ణుడు తల దించుకున్నాడు. అతని గురి మీద ఎవరికీ అనుమానం రాలేదు. అనుమానమంతా పుట్టుక మీదే.

ఆటస్థలంలోకి వచ్చిన మనిషిని ఏమడగాలి? ‘ఏం చేయగలవు’ అనా, ‘నువ్వెవరు’ అనా? తత్వశాస్త్రంలో చాలాకాలంగా నలుగుతున్న న్యాయం అనే సమస్య బడి గ్రౌండ్‌లోకి వచ్చేసరికి ఈ రెండు ప్రశ్నల మధ్య తగవుగా మారుతుంది.

ఏదైనా హైస్కూల్లో డ్రిల్ పీరియడ్‌ను కాసేపు గమనిస్తే చాలు. పీఈటీ సారు విజిల్ ఊది ఇద్దరు కెప్టెన్లను నిలబెడతారు. వాళ్ళు చెరో పేరూ పిలుచుకుంటూ పోతారు. చివరికి ఎవరు మిగులుతారో అందరికీ ముందే తెలుసు. నడక కాస్త మెత్తగా ఉన్నవాడు, గొంతు ఇంకా సన్నగా ఉన్నవాడు. ‘వాణ్ణి మీరే తీసుకోండి’, ‘మాకొద్దు, మీకే’ అని రెండు జట్లూ నవ్వుకుంటాయి. ‘ఆడంగి’, ‘తేడా’, ‘పాయింట్ ఫైవ్’ లాంటి మాటలు సినిమా కామెడీలోంచి తిన్నగా గ్రౌండ్‌లోకి దిగాయి. కబడ్డీలో పట్టు జారిందంటే ‘గాజులు తొడుక్కోరా’ అనే సార్లూ ఉన్నారు. ఆ ఒక్క మాట ఆ కుర్రాణ్ణే కాక, పక్క కోర్టులో చెమటలు కక్కుతూ ఖోఖో ఆడుతున్న ఆడపిల్లలనూ కలిపి తిడుతుంది. ఆ సంగతి ఆయనకు తట్టదు.

అలాంటి పిల్లవాడు కొన్నాళ్ళకు తన దారి తాను వెతుక్కుంటాడు. ఒకరోజు కడుపునొప్పి, ఇంకోరోజు కాలు బెణికింది, ఆపైన క్లాసులో బ్యాగులకు కాపలా. నిజంగా ఆడగలిగినవాడైతే కష్టం ఇంకా ఎక్కువ. జోనల్ పోటీలకు వెళితే రాత్రి ఏదో ఊరి బడిలో, తరగతి గదిలో జట్టంతా వరసగా పడుకోవాలి. తెల్లారి అందరితోపాటు పంపు దగ్గర స్నానం. పీఈటీ సారు ఎక్కడో నిద్రపోతున్న ఆ వేళల్లో జరిగే ఏడిపింపుడు ఇంట్లో చెప్పుకోలేనిది. ఆడపిల్లల కథ వేరు. క్రాపు చేయించుకుని బలంగా స్మాష్ కొట్టే అమ్మాయిని ‘మగరాయుడు’ అంటూనే కప్పులు గెలిపించుకుంటారు. అదే అమ్మాయి మరో అమ్మాయితో చనువుగా కనిపిస్తే హాస్టల్లో గుసగుసలు మొదలై, జట్టే చెదిరిపోతుంది.

ఇది మన దగ్గరే ఉన్న జబ్బు కాదు. ప్రధానంగా ఇంగ్లీషు మాట్లాడే ఆరు దేశాల్లో దాదాపు 9,500 మందిని అడిగి 2015లో వెలువరించిన ‘ఔట్ ఆన్ ది ఫీల్డ్స్’ అధ్యయనంలో 80 శాతం మంది ఆటల్లో స్వలింగ ప్రేమికుల పట్ల ద్వేషాన్ని కళ్ళారా చూశామనో, స్వయంగా అనుభవించామనో చెప్పారు. ఇంగ్లండ్‌లో జస్టిన్ ఫాషాను అనే ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్ 1990లో తాను గే అని బయటికి చెప్పాడు. అక్కడి పురుషుల ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌లో ఇంకా ఆడుతుండగానే ఆ మాట చెప్పిన తర్వాతి ఆటగాడు బ్లాక్‌పూల్ జట్టు కుర్రాడు జేక్ డేనియల్స్. అది 2022. మధ్యలో 32 ఏళ్ళు. డేనియల్స్‌కు అప్పటికి 17 ఏళ్ళు, మన దగ్గరైతే ఇంటర్ చదివే వయసు.

మన హైదరాబాద్‌తో ముడిపడిన కథ ద్యుతీ చంద్‌ది. ఒడిశాలోని చాకా గోపాల్‌పూర్‌లో చేనేత ఇంట పుట్టిన ఈ స్ప్రింటర్‌ను 2014లో, 18 ఏళ్ళ వయసులో, కామన్వెల్త్ క్రీడల జట్టు నుంచి తీసేశారు. ఒంట్లో సహజంగానే టెస్టోస్టిరాన్ ఎక్కువగా ఉందన్నదే కారణం. ఏ మందూ వాడలేదు, ఏ నియమమూ తప్పలేదు. ఆ రోజుల్లో ఆమెకు గోపీచంద్ అకాడమీ చోటిచ్చింది, నాగపురి రమేశ్ కోచింగ్ ఇచ్చారు. అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానానికి వెళ్ళి 2015 జులైలో ఆ టెస్టోస్టిరాన్ నిబంధనను నిలిపివేయించుకుంది. 2016లో రియో ఒలింపిక్స్‌లో పరుగెత్తింది, 2018 జకార్తా ఆసియా క్రీడల్లో రెండు రజతాలు తెచ్చింది. 2019 మేలో తాను ఒక అమ్మాయిని ప్రేమిస్తున్నానని ప్రకటిస్తే సొంత ఇంట్లోనే గొడవైంది. రెండు నెలలకే నేపుల్స్‌లో ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో వంద మీటర్ల స్వర్ణం గెలిచింది. తర్వాత డోపింగ్ కేసులో నాలుగేళ్ళ నిషేధం పడిన మాటా నిజమే. దాన్ని దాచాల్సిన పనిలేదు, పోల్చి చూడాలి. డోపింగ్ నిబంధన క్రీడాకారిణి చేసిన పనికి లెక్క అడుగుతుంది. 2014లో ఆమెను తప్పించిన నిబంధన ఆమె పుట్టుకకు లెక్క అడిగింది. మొదటిది ఆటకు అవసరం. రెండోది కృపాచార్యుడి ప్రశ్న.

ఈ ప్రశ్న ఒకసారి గాలిలోకి వచ్చిందంటే ఎవరి మీదైనా వాలుతుంది. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల హెప్టాథ్లాన్‌లో తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన అగసర నందిని కాంస్యం గెలిచింది. నాలుగు పాయింట్ల తేడాతో నాలుగో స్థానంలో నిలిచిన స్వప్నా బర్మన్, తన పతకాన్ని ఒక ట్రాన్స్‌జెండర్ ఎగరేసుకుపోయిందని సోషల్ మీడియాలో రాసింది. ఆధారం లేదు. తర్వాత పోస్టు తీసేసి క్షమాపణ చెప్పింది. ఇక్కడ గుర్తుంచుకోదగ్గ సంగతి ఒకటుంది. స్వప్నకు రెండు పాదాలకూ ఆరేసి వేళ్ళు. సరిపోయే బూట్లు దొరక్క నొప్పి ఓర్చుకుంటూనే 2018లో ఆసియా స్వర్ణం గెలిచింది. ఆ పాదాలను చూసి దేశమంతా అబ్బురపడిందే తప్ప, ఈమెది మామూలు శరీరం కాదు, పక్కన పెట్టండి అని ఎవరూ అనలేదు. అనకూడదు కూడా.

అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఇది బడి స్థాయికే దిగింది. ట్రాన్స్‌జెండర్ అమ్మాయిలు బాలికల జట్లలో ఆడకూడదన్న బిల్లును 2022 మార్చిలో గవర్నర్ స్పెన్సర్ కాక్స్ తిప్పి పంపారు. ఆయన రిపబ్లికన్. రాసిన లేఖలో లెక్క చూపించారు: రాష్ట్రంలో హైస్కూల్ ఆటలాడే పిల్లలు 75,000 మంది. వాళ్ళలో ట్రాన్స్‌జెండర్ పిల్లలు నలుగురు. ఆ నలుగురిలో బాలికల జట్టులో ఆడుతున్నది ఒక్కరు. శాసనసభ ఆయన మాట తోసేసి చట్టం చేసింది. అదే ఏడాది వెల్లడైన సంగతి ఇంకా విడ్డూరం. ఒక పోటీలో రెండు, మూడు స్థానాల్లో నిలిచిన పిల్లల తల్లిదండ్రులు, మొదటి స్థానం వచ్చిన అమ్మాయి అసలు అమ్మాయేనా అని ఫిర్యాదు చేశారు. క్రీడా సంఘం ఆ ఇంటివాళ్ళకు చెప్పకుండా ఆమె స్కూలు రికార్డులను కిండర్‌గార్టెన్ దాకా తవ్వింది. ఆమె పుట్టుకతోనే ఆడపిల్ల. గెలవడమే ఆమె చేసిన నేరం.

అయితే అవతలి పక్షం వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. యుక్తవయసు దాటాక అగ్రశ్రేణి పరుగు పోటీల్లో స్త్రీపురుషుల మధ్య దాదాపు పది శాతం తేడా ఉంటుంది. బాలికల విభాగం పెట్టిందే అందుకు. జాతీయ స్థాయి అండర్-19 ఫైనల్లో స్కాలర్‌షిప్, స్పోర్ట్స్ కోటా ఉద్యోగం పణంగా ఉన్న అమ్మాయి ఈ ప్రశ్న వేస్తే అది ద్వేషం అనిపించుకోదు, దానికి జవాబు రావాల్సిందే. కాకపోతే ఆ ఫైనల్ కోసం రాసిన నియమాన్ని తెచ్చి ఆరో తరగతి డ్రిల్ పీరియడ్‌కు అంటించడం తప్పు. యుక్తవయసుకు ముందు పిల్లల బలాబలాల్లో ఆ తేడా స్వల్పం. పైగా బడిలో ఆట పతకం కోసం పెట్టింది కాదు. మంచి వేణువు మంచి వాద్యకారుడికే దక్కాలన్నాడు అరిస్టాటిల్. బడిలో ఇంకా ఎవరూ వాద్యకారులు కారే! అందరి చేతికీ వేణువు అందాల్సిన వయసది.

ఈ పతకాల రభసలో ఇంకో సంగతి మరుగున పడుతోంది. గే, లెస్బియన్ పిల్లల విషయంలో ఈ హార్మోన్ల చర్చకే తావు లేదు. వాళ్ళకు కావాల్సింది వేరే విభాగమో, వేరే నియమమో కాదు. తిట్టకుండా ఆడనిస్తే చాలు.

మళ్ళీ రంగభూమికి వస్తే, కర్ణుడు తల దించుకున్నాక ఏమైంది? దుర్యోధనుడు లేచి అంగరాజ్యం కట్టబెట్టాడు. చూడటానికి ఔదార్యమే. కానీ నియమం అలాగే ఉండిపోయింది, ఒక్కడికి మాత్రం మినహాయింపు దొరికింది. ఆ మేలుకు కర్ణుడు బతుకంతా బాకీపడ్డాడు. కృష్ణుడు చెప్పినా, కన్నతల్లే వచ్చి అడిగినా ఆ పక్షం వదలలేకపోయాడు. మంచి పీఈటీ సారు దొరికిన పిల్లల పరిస్థితీ ఇదే. ఆయన ఉన్నంతకాలం ఆడతారు, బదిలీ అయితే మళ్ళీ బ్యాగుల కాపలాకే. దయ ఎంత నిలకడలేనిదో ఎన్‌సీఈఆర్‌టీ మాన్యువల్ చూపించింది. ట్రాన్స్‌జెండర్ పిల్లలను బడిలో ఎలా కలుపుకోవాలో ఉపాధ్యాయులకు చెప్పేందుకు 2021లో దాన్ని తయారుచేశారు. అభ్యంతరాలు రాగానే కొద్దిరోజుల్లోనే వెబ్‌సైట్‌లోంచి మాయమైంది.

అందుకే ఇది మంచితనానికి వదిలేసే సంగతి కాదు. నియమం కావాలి, అది గోడమీద కనబడాలి. గ్రౌండ్‌లో ఏ మాటలు అనకూడదో, అంటే ఏమవుతుందో పిల్లలకూ సార్లకూ ముందే చెప్పాలి. జట్లను కెప్టెన్లు ఏరుకునే పద్ధతి మాని నంబర్లు పిలిచి విడదీయవచ్చు, దానికి పైసా ఖర్చు లేదు. బట్టలు మార్చుకోవడానికి తలుపూ గడియా ఉన్న ఒక గది, టోర్నమెంటు రాత్రుళ్ళు జట్టు దగ్గరే పడుకునే ఒక పెద్ద తోడు ఉంటే ఏ పిల్లలకైనా మంచిదే.

చట్టం కొంత దూరం నడిచింది. ర్యాగింగ్ నిర్వచనంలో లైంగిక ధోరణినీ, జెండర్ గుర్తింపునూ యూజీసీ 2016లోనే చేర్చింది, కానీ అది కాలేజీలకు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ కోసం తెచ్చిన 2019 చట్టం బడులనూ పట్టుకుంది. ప్రభుత్వ నిధులో, గుర్తింపో ఉన్న ప్రతి విద్యాసంస్థా ఆటల్లో వివక్ష లేకుండా సమాన అవకాశం ఇవ్వాలని దాని 13వ సెక్షన్ చెబుతోంది. ఫిర్యాదులు తీసుకోవడానికి ప్రతి సంస్థా ఒకరిని నియమించాలని 11వ సెక్షన్ అంటోంది. ఈసారి పేరెంట్స్ మీటింగ్‌కు వెళ్ళినప్పుడు మార్కుల సంగతి అయ్యాక, మీ పిల్లల బడిలో ఆ ఫిర్యాదుల అధికారి ఎవరో అడగండి. హెడ్మాస్టరుగారికే తెలియకపోతే, తెలుసుకుని చెప్పమనండి.